ఆయుధపూజ నాటి కంప్యూటరు

పోయిన ఆదివారం బెళ్ళందూరులో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళేసరికి హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. అట్టపెట్టెలు, థర్మోకోల్ ముక్కలు, నల్లటి వైర్లు, వాటి మధ్య ఒక అద్దాల పెట్టె, దానికి చెరోపక్క మోకాళ్ళ మీద కూర్చున్న కూతురూ అల్లుడూ. అంగట్లో దొరికే కంప్యూటర్లు తమ పనికి చాలవని ఒక్కో భాగం ఒక్కో చోటినుంచి తెప్పించి సొంతంగా కట్టుకున్నారట. కట్టడమైతే కట్టారుగాని అది లేవలేదు. లోపలి ఫ్యాన్లకు రంగురంగుల దీపాలు పెళ్ళిపందిరిలా వెలుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. ఈ కాలపు బోర్డులు గడుసువి, తేడా ఎక్కడుందో ఆ భాగం పక్కన తామే ఒక చిన్న దీపం వెలిగించి చూపిస్తాయట. మెమొరీ పక్కన పసుపు దీపం వెలిగింది, దాన్ని తీసి మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టారు, తెర వెలిగింది. చిటికెలో పని అయిపోయిందిగాని, మెమొరీని సరిగ్గా పెట్టనిది ఎవరన్న పంచాయితీ మాత్రం నేను భోంచేసి చెయ్యి కడుక్కునేదాకా నడిచింది. "ఫిక్స్ చేసింది నువ్వే కదా" అని మా అమ్మాయి, "చెక్ చేస్తానన్నది నువ్వు కదా" అని అల్లుడు. నేను మధ్యలో తలదూర్చలేదు. మజ్జిగన్నం తింటూ మా తోడికోడల్ని తలుచుకున్నాను.

మా మెట్టినిల్లు చిక్కపేట వెనక సందుల్లో ఉండేది. కింద మామగారి ప్రెస్సు, పైన సంసారం. ప్రెస్సంటే ఇప్పటివాళ్ళు ఏమనుకుంటారో గాని, నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, గళ్ళపెట్టెల్లో సీసపు అక్షరాలు, ఒక్కొక్కటీ ఏరి పేర్చే కంపోజిటరు, టకటకమని నోరు తెరిచి మూసే ట్రెడిల్ మిషను, ఇల్లంతా సిరా వాసన, కిరసనాయిలు వాసన. చుట్టుపక్కల పేటల్లోని తెలుగువాళ్ళ శుభలేఖలు, కన్నడంవాళ్ళ ఆహ్వానపత్రికలు, అంగళ్ళ బిల్లు పుస్తకాలు, అన్నీ మా దగ్గరే అచ్చయ్యేవి. మామగారు మంచివారే, కానీ నోటికి తాళం లేని మనిషి. అత్తగారు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో గళ్ళపెట్టె ఒకటి తుడవబోయి కింద పడేశారట, అక్షరాలన్నీ కలగాపులగమై వారం పాటు ప్రెస్సు ఆగిందట. అంతే, ఆనాటినుంచి ఆవిడకు ప్రెస్సు గడప నిషిద్ధం. ఇంట్లో గిన్నె సొట్టపోయినా, గడియారం ఆగిపోయినా, "నీ చెయ్యి పడిందా ఏమి?" అనడం ఆయనకు ఊతపదమైపోయింది. ఆవిడ నవ్వేసేవారు. మేమూ నవ్వేవాళ్ళం. ఆడదాని నవ్వు వెనకాల ఏముందో చూడగలిగేంత వయసు అప్పటికి నాకూ రాలేదు.

ఆ తర్వాత ఊళ్ళో కంప్యూటర్లు వచ్చాయి. ఎక్కడపడితే అక్కడ డీటీపీ అంగళ్ళు వెలిశాయి, పువ్వులూ లతలూ వేసి గంటలో శుభలేఖ చేతిలో పెట్టడం మొదలుపెట్టారు, మా గిరాకీలు ఒక్కొక్కరే గడప మారారు. ఎదురింటి బట్టల వ్యాపారి ప్రెస్సు గదిని గోదాముకు ఇమ్మని మామగారిని అడుగుతూ ఉండేవాడు, ఆయన కూడా ఇంచుమించు ఒప్పుకున్నట్టే ఉండేవారు. సరిగ్గా ఆ సమయంలోనే మా మరిదికి పెళ్ళయి మా తోడికోడలు వచ్చింది. మా పక్క తోడికోడల్ని యారాలు అంటారు, ఆ మాట వినగానే జుట్లు పట్టుకోవడం గుర్తొస్తుంది చాలామందికి. మా ఇద్దరికీ ఆ ముచ్చట తీరనేలేదు. హిందూపురం పిల్ల, డిగ్రీ చదివి ఆపైన కంప్యూటరు కోర్సు కూడా చేసి వచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. వచ్చిన కొన్నాళ్ళకే, రెడీమేడ్ కంప్యూటరు మనం కొనలేము గాని ఎస్పీ రోడ్డు కరెంటు సామాన్ల అంగళ్ళలో భాగాలు విడివిడిగా కొంటే నేనే కడతాను, ప్రెస్సు మూయాల్సిన పని లేదు అంది.

మామగారు ముందు నవ్వారు, తర్వాత కసిరారు, ఆ తర్వాత మరిదీ మా ఆయనా చెవిలో జోరీగల్లా పోరగా పోరగా దిగివచ్చారు. దిగినా ఊరికే దిగలేదు. "సరేమ్మా, ఆయుధపూజ నాడు నీ మిషను లేచిందంటే ప్రెస్సు ఉంటాది. లేదంటే ఆ గది ఆయప్పకు ఇచ్చేస్తా, మళ్ళీ నన్నడగొద్దు" అన్నారు. ఎదురింటాయన వింటూ ఉండగానే అన్నారు.

బెంగుళూరులో ఆయుధపూజ అంటే సంగతేమిటో మీకు తెలుసు. స్కూటరు దగ్గర్నుంచి ఇంట్లో కత్తిపీటదాకా బొట్టు లేని ఇనుము ఉండదు ఆ రోజు. ట్రెడిల్‌ను కిరసనాయిలుతో తుడిచి, అరటి పిలకలు కట్టి, బంతిపూలు వేసి, దాని పక్కనే పీట మీద తెల్ల పంచె పరిచి కంప్యూటరు భాగాలన్నీ వరసగా పెట్టారు. ఇవి కరెంటు సామాన్లు, వీటికి పసుపూ కుంకుమా ఏమీ తగలడానికి లేదని మామగారు అందరికీ, ముఖ్యంగా అత్తగారికి, ముందే గట్టిగా చెప్పారు. ఆ ఒక్కరోజు మాత్రం ఆవిడకు ప్రెస్సులోకి రావడానికి సెలవు. ఆవిడ పళ్ళెం పట్టుకుని ఒక మూల ఒదిగి నిలబడ్డారు. హారతయ్యాక మగవాళ్ళంతా గుమ్మడికాయ కొట్టడానికి వీధిలోకి వెళ్తే, మా తోడికోడలు పీట ముందు వంగి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. అత్తగారు గబగబా వెనకనుంచి వచ్చి, "గెలుచుకో తల్లీ" అని దాని తలమీద రెండు చేతులా అక్షింతలు వేసి దీవించారు. అది వెనక్కి తిరిగి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి, చెంగు నడుముకు దోపి పనిలో కూర్చుంది.

మధ్యాహ్నానికి కట్టడం పూర్తయింది. పూజకు వచ్చినవాళ్ళెవరూ కదల్లేదు, బొరుగులూ పుట్నాలూ పొట్లాలు పట్టుకుని గుమ్మం దాకా నిండిపోయారు. స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది, పచ్చదీపం వెలిగింది, తెర మాత్రం చీకటి. ఇక చూడండి, ఎవరి వైద్యం వాళ్ళు మొదలుపెట్టారు. మామగారు కరెంటు చాలలేదన్నారు. మరిది అంగడివాడు పాత సరుకు అంటగట్టాడన్నాడు. మా ఆయన తెరను తూర్పుకు తిప్పమన్నారు. కంపోజిటరు ముసలాయన, సీసానికి ఉన్న నమ్మకం ప్లాస్టిక్కుకు ఎక్కడిది అని నిట్టూర్చాడు. దీనికేదో వైరస్సు పట్టినట్టుందని మా పక్కింటి పిన్ని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదురింటాయన మాత్రం ఏమీ అనకుండా గది పొడవూ వెడల్పూ కళ్ళతో కొలుస్తూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత మా తోడికోడలు చేసిన పని ఇన్నేళ్ళయినా నా కళ్ళముందు నుంచి పోలేదు. కంగారు పడలేదు, ఏడవలేదు, ఎవరి మాటకూ ఎదురు చెప్పలేదు. ముందు ప్లగ్గు పీకింది. ఆ తర్వాత లేకపోయినా ఫరవాలేని భాగాలన్నీ ఒక్కొక్కటిగా తీసి పక్కన పెడుతూ వచ్చింది. ఒకటి తీయడం, స్విచ్చి వేయడం, చూడటం, ఆపడం, మళ్ళీ ఇంకొకటి. ఒకేసారి రెండు మార్చలేదు. రెండు మారిస్తే దేనివల్ల బాగయిందో ఎట్లా తెలుస్తుందక్కా అని ఆ తర్వాత నాతో అంది. వంటింట్లో నాది ఈనాటికీ అదే పద్ధతి, సాంబారు రుచి తేడా వస్తే ఉప్పూ పులుపూ కలిపి ఒకేసారి వెయ్యను. చివరికి బోర్డూ, మెమొరీ, తెరా మిగిలాయి. అప్పటికీ చీకటే. టార్చి పట్టుకొమ్మని నన్ను పిలిచి, లోపలంతా మరోసారి మొదటినుంచి చూసుకుంటూ వచ్చి, ఒక సన్నటి వైరు దగ్గర ఆగింది. పెట్టెలోని చిన్న స్పీకరు వైరట, పక్క గడిలో గుచ్చేసిందట. "ఇదొకటి తప్పు పెట్టినాను చూడు" అని తనే నవ్వుకుని సరిచేసి స్విచ్చి వేసేసరికి, పెట్టె కుయ్యి, కుయ్యి అని ఆగకుండా మూలగడం మొదలుపెట్టింది. జనమంతా గొల్లుమన్నారు. దాని ముఖం మాత్రం వెలిగిపోయింది. ఆ కూతకు ఒక అర్థముందట, మెమొరీ అందలేదని దాని గోల.

ప్లగ్గు పీకి, మెమొరీ పలకను పైకి తీసి, అది కూర్చునే గాడిలోకి టార్చి చూపించమంది. నేను వంగాను. ఇద్దరి తలలూ పెట్టె మీద ఉన్నాయి, మా వెనకాల ఉన్నవాళ్ళకు ఏమీ కనబడదు. గాడి అడుగున, ఒక చివర, పసుపు పట్టిన బియ్యపు గింజ ఒకటి ఇరుక్కుని ఉంది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నా నోటిదాకా మాట వచ్చింది. వద్దన్నదాన్ని చేసిందెవరో, మా తోడికోడలి తప్పు ఏమీ లేదని ఆ గుమ్మంలో నిలబడ్డ వాళ్ళందరికీ వినబడేట్టు చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. అది మాత్రం తాళిబొట్టుకున్న పిన్నీసు తీసి, మెల్లగా ఆ గింజను పైకి లేపి, గుప్పిట్లోకి తీసుకుని, కొంగు కొసన ముడి వేసేసింది. మెమొరీని రెండు బొటనవేళ్ళతో నొక్కి పెట్టింది. లేచి నిలబడి, "నాదే పొరపాటు మామా, మెమొరీ సరిగా నొక్కలే" అని అందరి ముందూ చెప్పి స్విచ్చి వేసింది. తెర మీద తెల్లటి అంకెలు గబగబా పరుగెత్తాయి. మరిది ఈల వేశాడు. ఎదురింటాయన బొరుగుల పొట్లం మడుచుకుని వెళ్ళిపోయాడు. మామగారి కళ్ళు చెమ్మగిల్లాయిగాని నోరు ఊరుకుంటుందా, "తెలివుండాది గాని తొందర జాస్తి ఈ పిల్లకు, రవ్వంత గట్టిగా నొక్కింటే ఇంత రామాయణం ఉండునా?" అన్నారు. అది తల వంచుకుని నిలబడింది. మూలనున్న అత్తగారు పక్కింటి పిన్నితో, "పొద్దున నేను అక్షింతలేసి దీవించినాను, ఊరికే పోతాదా?" అంటున్నారు. ఆవిడ గొంతులో అంత గర్వం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

ఆ సాయంత్రం మిద్దె మీద బట్టలు తీస్తూ నేను ఉండబట్టలేక దులిపేశాను. నీకేం పట్టింది, చదువుకున్న పిల్లవి, చేయని తప్పు నెత్తినేసుకుని అంతమందిలో మాటపడటం ఎందుకు అని. అది చీర మడత పెడుతూ నెమ్మదిగా అంది, "ఆయమ్మ నా మింద వేసిందక్కా, బోర్డు మింద కాదు. నేను గెలవాలని వేసిందాన్ని తప్పని ఎట్లా చెప్తాను?" వయసులో నాకన్నా చిన్నది, కానీ ఆ రోజునుంచి మనసులో దానికి దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

ప్రెస్సు నిలబడింది, బాగా నిలబడింది. ఆ కంప్యూటరు మీద మా తోడికోడలు కొట్టిన శుభలేఖలతో ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయో లెక్కలేదు. మామగారు పోయేదాకా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చిన్నకోడలి తెలివి గురించి చెప్పి, చివర్లో ఆ తొందర గురించి కూడా చెప్పేవారు. అత్తగారు ప్రతిసారీ తన దీవెన సంగతి జోడించేవారు. అది "అవునత్తా" అనేది. ఆవిడ ఆ గర్వంతోనే హాయిగా వెళ్ళిపోయారు. ఇప్పుడు ప్రెస్సు గదిలో ఎవరో సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు, మేమందరం వైట్‌ఫీల్డని, మహదేవపుర అని తలో దిక్కు అపార్టుమెంట్లకు చెదిరిపోయాం. చేయని తప్పుకు తలవంచేవాళ్ళను అటుంచండి, చేసినదాన్ని నాదేనని ఒప్పుకునేవాళ్ళే ఈ ఇళ్ళలో కరువయ్యారు.

మొన్న ఒక నామకరణంలో మళ్ళీ అదే ముచ్చట వచ్చింది. మెమొరీ నొక్కడం మరిచిన పిన్ని అని మా పిల్లలు దాన్ని ఆటపట్టించారు. దాచడానికి ఇప్పుడు ఎవరున్నారు గనకనని నేను నోరు తెరిచాను. అది భోజనాల బంతికి అవతల కూర్చుని వద్దన్నట్టు తల ఊపింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రాస్తే గుట్టు బయటపడుతుందన్న భయమేమీ లేదు. తెలుగు అచ్చువేసి బతికిన ఇంట్లో ఇప్పుడు తెలుగు చదవగలిగిన పిల్లలు ఒక్కరూ లేరు. ఇంట్లో మాట్లాడతారు, అంతే. ఈ కాగితం వాళ్ళ ముందే బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను, ఏమి రాస్తున్నావని కూడా ఎవరూ అడగలేదు. ఎవరో ఒకరు కూడబలుక్కునైనా చదివి, ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదమ్మా అని నన్ను నిలదీస్తే ఎంత బాగుండునో.