భద్రు పేరు రాసిన డబ్బా

ఏడేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. మా ఆవిడకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి వారానికి రెండుసార్లు ఎదురుపడి "తిన్నవా అన్నా" అని పలకరిస్తాడు. అతనికీ చెప్పలేదు. పేరు లేకుండా మీకు చెబుతున్నాను. పిరికివాణ్ని. అది ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువవుతుందేమో.

మాది జనగామ జిల్లాలో నర్మెట్ట దగ్గర ఊరు. పొలం ఉంది, ట్రాక్టర్ ఉంది, మా నాయన మాటకు విలువ ఉంది. అప్పట్లో మా ఊళ్లోనూ పక్క లంబాడీ తండాలోనూ పాతికేళ్లు నిండని పిల్లలు పొద్దుగూకితే గుడుంబా దగ్గర తేలేవాళ్లు. ఒక సంస్థ వాళ్లు వచ్చి కబడ్డీ జట్టు కట్టించారు. తాగినవాడు ఆ రోజు గ్రౌండులో కాలు పెట్టకూడదు, రెండు నెలలకోసారి అందరూ ఆరోగ్య పరీక్షలు చేయించుకోవాలి. అవీ షరతులు. కెప్టెన్‌ని నేను. సాయంత్రం ఒక్కొక్కడి నోరు వాసన చూసి లోపలికి పంపేవాణ్ని. మనుషులు మారుతున్నారని సంతోషించానా, నా మాట మీద మారుతున్నారని సంతోషించానా? రెండోదే ఎక్కువ. ఇప్పుడు దాచి ఏం లాభం?

తండా నుంచి వచ్చిన భద్రు మా జట్టుకు ప్రాణం. కూతకు వెళ్లాడంటే ఎవరో ఒకరిని తాకకుండా వచ్చేవాడు కాదు. మూడు నెలల్లో తాగుడు పూర్తిగా మానేశాడు. వాళ్లమ్మ మంగ్లీ అవ్వ ఒకరోజు నా రెండు చేతులూ పట్టుకుని వాళ్ల భాషలో ఏదో అంది. దీవిస్తోందని భద్రు నవ్వుతూ చెప్పాడు.

తర్వాత అతను సన్నబడ్డాడు. ఆటతో ఒళ్లు గట్టిపడిందని మెచ్చుకున్నాం. దగ్గితే గ్రౌండు దుమ్ము అన్నాం. కానీ కూత మధ్యలో తెగిపోవడం మొదలైనప్పుడు నాకు అనుమానం వచ్చింది. మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్కకు అంతకు ముందే వచ్చింది. చిన్న డబ్బా ఇచ్చి, పొద్దున లేవగానే పడే తెమడ అందులో పట్టి దవాఖానకు పంపమంది. మిగతావాళ్లకూ కావాలంటే ఇవ్వమని నాకు కొన్ని ఖాళీ డబ్బాలు ఇచ్చింది. తీసుకెళ్లే పని కూడా నాదే, బండి ఉన్నవాణ్ని కదా.

మొగుళ్లపల్లిలో పోటీలకు ఇంకా పది రోజులున్నాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జట్లన్నీ వస్తాయి. టీబీ అని తేలితే డాక్టరు సరేననేదాకా భద్రు ఆడకూడదు.

పొద్దున్నే భద్రు కవరులో చుట్టి డబ్బా ఇచ్చాడు. దారిలో బండి ఆపి మూత తీశాను. నాకేం పని తీయడానికి? తీశాను. తెమడలో ఎర్రగా చార ఉంది. దాన్ని గట్టు పక్కన పూడ్చిపెట్టాను. ఖాళీ డబ్బా ఒకటి తీసి, దాని మీద భద్రు పేరు రాసి, నేను కాండ్రించి ఉమ్మాను. మూత బిగించి, ఏమీ జరగనట్టే బండి ఎక్కాను. అదే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

టీబీ అని తెలిస్తే తండావాళ్లను వెలేసినట్టు చూస్తారు, మిగతా పిల్లలు బెదిరి మళ్లీ గుడుంబాకు పోతారు, ఎంతైనా పది రోజులే కదా, పోటీలు కాగానే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను, ఇలా ఎన్ని కారణాలు చెప్పుకున్నానో. అన్నీ సగం నిజాలే. గెలవాలనుకున్నాను. అదొక్కటే పూర్తి నిజం.

రిపోర్టు వచ్చిన రోజు భద్రు గ్రౌండు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు.

"ఏమొచ్చిందన్నా?"

"ఏం లేదట. దుమ్ముకు దగ్గుతున్నవ్."

"నిజంగనా? మా అవ్వ మస్తు పరేషాన్ అయితుంది."

"నేను జెప్తున్న గదరా."

"నువ్వు జెప్పినంక ఇంకేందన్నా," అని పరుగెత్తి ఆటలోకి దిగాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

మొగుళ్లపల్లిలో రెండో ఆటకే ఓడిపోయాం. ఆ పాపానికి ఫలం కూడా దక్కలేదు. మరి తిరిగొచ్చాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లానా? లేదు. మొదటి రిపోర్టు సంగతి అడుగుతారని భయం. ఇంకోసారి పరీక్ష చేయిద్దామని ఆశా అక్క అంటే అక్కర్లేదన్నాను. రెండు నెలలకు భద్రు పత్తి చేనులో నెత్తురు కక్కుకున్నాడు. మందులు వాడి బతికాడు. ఒకే గదిలో ఉండే మంగ్లీ అవ్వకూ జబ్బు అంటుకుంది. ఆమె బతకలేదు.

నా వల్లే అంటుకుందా? అంతకు ముందే అంటుకుని ఉండొచ్చు కదా? డాక్టరును డొంకతిరుగుడుగా అడిగాను. ఎవరు చెప్పగలరు అన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు తిరిగాను, అది ఎక్కువ దూరం రాలేదు. ముందే తెలిస్తే ముందే మందులు పడేవి, ఆమెకూ ముందే పరీక్ష చేసేవాళ్లు. ఇది తెలియడానికి డాక్టరు అక్కర్లేదు.

ఇదంతా నాతోనే పోయేదేమో. కానీ ఇప్పుడు ఆ జట్టుకు ఆట నేర్పేది భద్రే. నవీన్ అని ఇరవై రెండేళ్లవాడు, అదే తండా, మూడు వారాలుగా దగ్గుతున్నాడు. తెమడ ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. భద్రు వాడినే సమర్థించాడు. "గా పరీక్షలు ఉత్తయే. నాకు ఏం లేదన్నరు, మా అవ్వ పాయె," అన్నాడు అందరి ముందూ. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోలేదు, అదొక్కటే తక్కువ. చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాను.

ఈ పొద్దున నవీన్ దగ్గరికి పోయాను. పరీక్ష అబద్ధం చెప్పలేదురా, చెప్పింది నేను అన్నాను. జరిగిందంతా చెప్పాను. వాడు "భద్రన్నకు ఎరుకనా?" అని అడిగాడు. లేదన్నాను. నేను తెచ్చిన తెమడ డబ్బా తీసుకుని లోపలికి పోయాడు.

భద్రుకు ముందు చెప్పాల్సింది. అక్కడా వెనక దారే పట్టాను. నవీన్ ఈపాటికి గ్రౌండుకు పోయి భద్రుకు చెప్పి ఉంటాడు. అయిదు దాటింది, అందరూ వచ్చే వేళ. ఏడేళ్లలో ఎప్పుడూ లేనంత తేలికగా ఉంది. ఆ తేలికను చూసి సిగ్గేస్తోంది. భద్రును క్షమించమని అడగను. అడగాల్సింది మంగ్లీ అవ్వను. ఆమె లేదు.

అతను వస్తాడు. నేను ఇంట్లోనే ఉన్నాను.