పనైపోయిందన్న దంగల్‌కు నాందేడ్ మీదుగా

ఈ ప్రయాణానికి కారణం మా బావ. మా అక్క భర్త గంగాధర్‌కు నాందేడ్ వజీరాబాద్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. దసరాకు నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, ముఖేడ్ అవతల ఒక ఊరి జాతరలో ఏటా జరిగే కుస్తీల సంగతి అడిగాను. చిన్నప్పుడు ఒకసారి చూశాను. ఆ చుట్టుపక్కల అంతకు మించిన దంగల్ లేదనేవారు. "గా దంగల్ పనైపోయింది. ఇంట్ల కూసుంటే టీవీల అమెరికోళ్ళు కొట్టుకుంటరు. మన్నుల పొర్లేటోళ్ళను ఎవడు సూస్తడు?" అన్నాడు బావ, మా ఇంటి పకోడీలే నములుతూ. నాకు ఒళ్ళు మండింది. నేను బడిలో లెక్కల మాస్టారిని. వేసి చూడకుండా జవాబు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు. నేనే వెళ్ళి చూసి చెప్తానన్నాను.

డిసెంబరులో జాతర. శనివారం పొద్దున ఆరున్నరకు నిజామాబాద్‌లో ప్యాసింజరు బండి ఎక్కాను. చలికాలమైతే వెంట మఫ్లర్ తీసుకెళ్ళండి, కిటికీ తలుపులు సగం బిగుసుకుపోయి ఉంటాయి. బాసర దగ్గర గోదావరి వచ్చినప్పుడు పెట్టెలో అందరూ లేచి దండం పెట్టుకున్నారు, ఆ సందులో నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. ధర్మాబాద్‌లో ఎక్కిన ఒక పెద్దమనిషి నా ఎదురుగా కూర్చున్నాడు. పేరు నర్సింలు, అక్కడి ధాన్యం మార్కెట్‌లో కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం. ఎక్కడికని అడిగితే దంగల్‌కని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎవరు ఎవరిని కొట్టినా చూసే రకం ఆయన.

"నేను సీడీలు తెప్పించుకొని సూస్తన్న సార్. జాలి పంజరంల ఇద్దర్ని ఇడుస్తరు. పిడికిలి, కాలు, మోకాలు, కుస్తీ పట్టు, ఏదైనా సెల్లుతది. దునియాల గంత పెద్ద కంపెనీ ఇంకోటి లేదు" అన్నాడు.

"అదైనా బాగా నడుస్తోందా?" అని అడిగాను.

"ఏం నడుస్తది. మొదట్ల అసల్ మజా ఉండె. టైము లేకుండె, కిలోల లెక్క లేకుండె. ఇప్పుడు చేతులకు గ్లవ్స్, అయిదు నిమిషాలకో గంట, ముగ్గురు కూసొని మార్కులేసుడు. దాని జోరు గూడ తగ్గింది. ఇగ మన దంగల్‌లంటరా, యాడ సూసినా ఆఖర్ల నురా కుస్తీనే."

మా నిజామాబాద్ వైపు ఆ మాట వినలేదు. నా చెవికి అది నూరా కుస్తీ అని వినబడింది. వెంటనే నా బుర్ర పని మొదలుపెట్టింది. పొద్దున కొబ్బరికాయ బహుమానంగా ఇచ్చే చిల్లర జోడీలతో మొదలవుతుంది, సాయంత్రానికి తొంభై తొమ్మిది అవుతాయి, ఆఖరున నూరోది పెద్ద కుస్తీ. లెక్క సరిపోయింది. లెక్క సరిపోతే ఇక ఎవరినీ ఏమీ అడగకపోవడం నా జబ్బు. "అవునవును, నూరా కుస్తీ లేకపోతే ఇక దంగలేముంది?" అన్నాను. నర్సింలు నా వైపు ఒక రకంగా చూసి, పల్లీల పొట్లం విప్పుకున్నాడు.

బండి అరగంట ఆలస్యంగా, పదింటికి నాందేడ్ చేరింది. అక్క జొన్నరొట్టెలు, శనగపిండి పిట్ల, పచ్చిమిరపకాయ ఠేచా చేసి పెట్టింది. నాందేడ్ వెళ్ళినవాళ్ళు ఈ మూడూ తినకుండా తిరిగి రావద్దు. రాత్రి బావను కూడా రమ్మన్నాను. "దుకాణం ఎవరు సూస్తరు? నువ్వు పోయి దాని ముఖం సూసిరా" అని దుప్పటి కప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు నాందేడ్ స్టాండులో ఎర్రబస్సు. కంధార్ మీదుగా ముఖేడ్‌కు రెండున్నర గంటలు. దారి పొడవునా తీసేసిన పత్తి చేలు, ఎండుతున్న కంది. ముఖేడ్‌లో దిగి, స్టాండు ఎదుట హోటల్లో అటుకుల పోహా, చాయ్ తీసుకున్నాను. బల్ల మీద నలుగురైదుగురు దంగల్‌కు పోయేవాళ్ళే ఉన్నారు. ఒకతను తెలుగులో పలకరించాడు.

"యాడికెల్లి అచ్చిండ్రు?"

"నిజామాబాద్ నుంచి. అక్కడ బడిలో మాస్టారిని. మీ నూరా కుస్తీ చూడ్డానికే వచ్చాను" అన్నాను, ఛాతీ విరుచుకుని.

హోటల్లో చెంచాల చప్పుడు ఆగింది. "మీకెవరు చెప్పిండ్రు, నురా కుస్తీ అని?" అని అతను మెల్లగా అడిగాడు. "చెప్పేదేముంది, అందరికీ తెలిసిందేగా. ఆఖరిది అదే. కుస్తీలు నడిపించే వస్తాద్ అంత కష్టపడి కుదుర్చుకుని ఉంటాడు" అన్నాను. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అంత దూరం నుంచి వచ్చానని ఆశ్చర్యపోతున్నారనుకుని, నేను ఇంకో చాయ్ చెప్పాను.

స్టాండు బయట కుస్తీల జాతర అంటే చాలు, జీపువాళ్ళే లాగి ఎక్కించుకుంటారు. మా జీపులో పద్నాలుగు మందిమి. నా ఒళ్ళో ఎవరిదో సొరకాయ. ముప్పావు గంటలో ఊరు వచ్చింది. మైదానం మధ్యలో గుండ్రంగా ఎర్రమట్టి. నూనె, మజ్జిగ, పసుపు కలిపి తవ్విన ఆ మట్టి వాసన దూరం నుంచే తెలుస్తుంది. చుట్టూ జనం నేల మీద కూర్చుని ఉన్నారు. లెక్కపెట్టాలని చూసి, వదిలేశాను. బావ చెప్పినట్టు ఖాళీగా మాత్రం లేదు.

పన్నెండింటికి కుస్తీలు మొదలయ్యాయి. హల్గీ డప్పు మోగుతుంటే జోడీలు ఒకదాని వెనక ఒకటి మట్టిలోకి దిగాయి. వీపు మొత్తం నేలకు తాకితే చిత్, అంతటితో ఓటమి. ఎవరు ఓడారో పంచ్, అంటే తీర్పరి, చెప్పనక్కర్లేదు, వీపుకు అంటిన మట్టే చెప్తుంది. నేను చిన్న పుస్తకంలో ఒక్కొక్క గీత గీసుకుంటున్నాను. రెండు గంటలకు ముప్పై ఒకటి అయ్యాయి. ఈ వేగంతో నూరు ఎప్పటికవుతాయని భాగహారం చేస్తుండగా, నా భుజం మీద బరువైన చెయ్యి పడింది.

తెల్ల ధోవతి, తెల్ల మీసం, నలిగి ముడుచుకున్న చెవులు. దంగల్ నడిపించే మల్లప్ప వస్తాద్. ఇంట్లో తెలుగే మాట్లాడే మనిషి. ఆయన వెనక ఒక బలమైన యువకుడు తువ్వాలు కప్పుకుని నిలబడ్డాడు. అతను బాలాజీ, వస్తాద్ శిష్యుడు, ధర్మాబాద్ మార్కెట్‌లో హమాలీ. ఆఖరి కుస్తీ అతనిదే.

"మాస్టర్, హోటల్ల నురా కుస్తీ అన్నరట. జనమంత గదే మాట్లాడుతున్నరు. నురా అంటే ఏందో మీకు ఎర్కేనా?" అన్నాడు వస్తాద్.

"నూరోది కదండీ" అన్నాను, పుస్తకంలో గీతలు చూపిస్తూ.

వస్తాద్ ఆ గీతలను కాసేపు చూశాడు. మీసం కింద నవ్వు వచ్చి, అక్కడే ఆగిపోయింది. "నురా అంటే ముందుగాలనే మాట్లాడుకొని పడేది, సార్. దొంగ కుస్తీ" అన్నాడు.

బండిలో నర్సింలు చూపు, హోటల్లో ఆగిన చెంచాలు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నిజామాబాద్ నుంచి పనిగట్టుకుని వచ్చిన మాస్టారు, ఆఖరి కుస్తీ దొంగదని, వస్తాదే కుదిర్చాడని అన్నాడు. ఊరు నమ్మక ఏం చేస్తుంది?

"మాట పోతే పోనియ్యి, మైదానం పోతది" అన్నాడు వస్తాద్. ఆ ఊరి పెద్దలు ఈ ఏడు ఆయనకు ఒక షరతు పెట్టారు. ఆఖరి కుస్తీ దాకా జనం కూర్చోవాలి, గొడవ రాకూడదు. అలా కాకపోతే వచ్చే జాతరకు ఆ మైదానం ఆర్కెస్ట్రావాళ్ళకు ఇచ్చేస్తారు. అప్పటికే ఒక వైపు నుంచి జనం లేచి దుమ్ము దులుపుకుంటున్నారు.

నేను మైకు అడిగి తీసుకున్నాను. నాకు మరాఠీ రాదు. తెలుగులో కొంత, హిందీలో కొంత, నూరు అంటే వంద అని, నా చెవి తెలుగు చెవి అని, తప్పు పూర్తిగా నాదేనని చెప్పాను. జనం పడీపడీ నవ్వారు. బడిలో ముప్పై ఏళ్ళుగా పిల్లల తప్పులకు ఎర్రసిరా పూసిన మనిషిని, అంతమందిలో నా తప్పు నేనే చదువుకోవడం ఎంత సిగ్గో ఆ రోజు తెలిసింది. లేచినవాళ్ళలో సగం మంది కూర్చున్నారు. మిగతావాళ్ళు మాత్రం "వస్తాదే చెప్పించిండు" అంటూ నిలబడే ఉన్నారు.

ఆఖరి కుస్తీకి ఇరవై నిమిషాలు టైము. అప్పటికీ ఎవరూ పడకపోతే బరాబర్ అని ఇద్దరి చేతులూ ఎత్తేస్తారు. బాలాజీకి జోడీగా వచ్చిన లాతూర్ వైపు పైల్వాన్ అతనికంటే బాగా బరువు. ఆ ఇరవై నిమిషాలు జాగ్రత్తగా కాచుకుంటే చాలు, బాలాజీ పరువుతో బయటపడేవాడు. సొంత మట్టి మీద అతని వీపు ఇంతవరకు నేలకు తగల్లేదట. కానీ ఈ రోజు బరాబర్ అంటే, ముందే మాట్లాడుకున్నారన్న మాట నిజమనుకుంటారు జనం. వస్తాద్ అతని వైపు తిరిగాడు.

"టైము తీసేస్తన్న బాలాజీ. ఎవడో ఒకడు పడేదాక కుస్తీ. ఏమంటవు?"

"మీరన్నంక ఏముంది" అన్నాడు బాలాజీ, తువ్వాలు తీసి నా చేతిలో పెడుతూ.

నాలుగింటికి మొదలైంది. మొదటి పావుగంట తలకు తల ఆనించి తోసుకోవడమే. లాతూర్ పైల్వాన్ కాళ్ళ కోసం వంగిన ప్రతిసారీ బాలాజీ పక్కకు జారుకున్నాడు. ఒకసారి నడుం పట్టి అతన్ని గాల్లోకి లేపాడు కూడా. మైదానం మొత్తం లేచింది. కానీ అంత బరువును తిప్పలేక మోకాళ్ళ మీద దింపేశాడు. అరగంట దాటాక బాలాజీ ఊపిరి నాకు వినబడుతోంది. హల్గీ వాయించేవాళ్ళు కూడా చేతులు ఆపేసి చూస్తున్నారు. వద్దు, ఇక చాలించండని అరవాలనిపించింది. నావల్లే కదా ఇదంతా. నలభై నిమిషాలకు లాతూర్ పైల్వాన్ అతని మెడ మీద చెయ్యి వేసి, తొడ కింద ఇంకో చెయ్యి దూర్చి తిప్పేశాడు. బాలాజీ తల మీద వంతెనలా ఆగి, ఇంకో రెండు నిమిషాలు వీపు నేలకు తాకనివ్వలేదు. తర్వాత తాకింది.

పంచ్ చెయ్యి ఎత్తేముందే, నిలబడిన గుంపులోంచి ఒక ముసలాయన మట్టిలోకి నడిచి వచ్చి, తన తలపాగా విప్పి ఓడిపోయిన బాలాజీకి చుట్టాడు. అప్పుడు లేచింది కేక. గెలిచినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నారు, బాలాజీని కూడా ఎక్కించుకున్నారు. మైదానంలోంచి ఒక్క మనిషీ ముందుగా వెళ్ళలేదు. ఊరి పెద్ద వచ్చి వస్తాద్ చేతిలో కొబ్బరికాయ పెట్టాడు. వచ్చే జాతరకు మైదానం కుస్తీలకే అని దానర్థం. వస్తాద్ కళ్ళు తుడుచుకుని, నన్ను చూసి, "నూరు గాలేదు సార్, యాభై రెండే అయినయి" అన్నాడు.

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. పంజరం కుస్తీల కంపెనీ గురించి నర్సింలు అన్న మాట చెప్పి, గ్లవ్స్, గంటలు వచ్చాక దాని పని నిజంగా అయిపోయినట్టేనా అని అడిగాను. "రూల్సు, కాయిదాలు మారుతయి సార్. మా తాత కాలంల గీ పంచ్ గూడ లేకుండె. పడేటోడు నిజంగ పడ్డన్ని దినాలు యాడిది యాడనే నడుస్తది" అన్నాడు.

జీపులో ముఖేడ్ చేరి, ఆరుగంటల బస్సు పట్టుకున్నాను. తిరుగు బస్సుకు ముందే చోటు చూసుకోండి, జాతర రోజు నిలబడే రావలసి ఉంటుంది. బస్సంతా ఆ కుస్తీ ముచ్చటే. ఆ మెడ పట్టు ఎలా వేశాడో ఒకాయన కండక్టరు మీదే చూపించబోయాడు. ఇక బావకు ఏం చెప్పాలో నాకు ఏ సందేహమూ లేదు. ఈ దంగల్ పనైపోలేదు. టీవీలో ఎవరు కొట్టుకున్నా, పంజరాలు ఎన్ని వచ్చినా, వాటి భయం దీనికి అక్కర్లేదు. దీనికి భయమంటూ ఉంటే అనుమానం ఒక్కటే, దాన్ని మోసుకొచ్చినవాణ్ణి నేనే.

కంధార్ దాటాక జనం కొంత పలచబడి, ముందు సీటులో బాలాజీ కనిపించాడు. పొద్దున మార్కెట్‌లో పనికి ఎక్కాలి, అందుకని నాందేడ్ వెళ్ళి రైలు పట్టుకుంటాడట. తల మీద ముసలాయన తలపాగా అలాగే ఉంది. ఒంటి మీద అంగీ లేదు. కిటికీలోంచి చలిగాలి కొడుతోంది, అంగీ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. వీపు నిండా ఎర్రమట్టి ఎండిపోయి ఉంది.

"కడుక్కోలేదా బాబూ? అంగీ అయినా తొడుక్కో, చలి పెడుతుంది" అన్నాను.

"ఉండనియ్యిండ్రి సార్. ముఖేడ్ల సూసిండ్రు, నాందేడ్ల సూడాలె, రేపు ధర్మాబాద్‌ల సూడాలె. మా వస్తాద్ అమ్ముడువోలేదని అందరికి ఎర్కగావాలె."

బస్సు నాందేడ్ స్టాండులో ఆగేదాకా, గుంతల్లో ఎంత ఎగిరినా, అతను వీపు సీటుకు ఆనించలేదు.