చేపల కత్తికి కాపలా

మొన్న విజయవాడలో ఒక బట్టల దుకాణం గుమ్మం దాటుతుంటే నెత్తిమీద కుయ్యిమని మోగింది. ఎవరూ తల తిప్పలేదు. నాకు మాత్రం ప్రకాశరావుగారు గుర్తొచ్చి కాళ్లు ఆగిపోయాయి.

ఆయన గుడివాడలో టీవీ యాంటెన్నాలు చేసి అమ్మేవారు. దివిసీమలో సగం డాబాల మీద ఆయన గొట్టాలే ఉండేవి. కేబుల్ వచ్చి ఆ బేరం పడిపోయాక, దాచిన ఆయుధాలను పట్టే గుమ్మాల తయారీకి దిగారు. డిప్లొమా పూర్తిచేసి నేను ఆయన దగ్గర పనికి చేరింది అప్పుడే. "ఇదీ యాంటెన్నా కథేనమ్మా. ఈ స్తంభంలోని తీగచుట్ట తరంగం పంపుతుంది, ఆ స్తంభంలోది అందుకుంటుంది. మధ్యలో ఇనుము అడ్డొస్తే తేడా పట్టేస్తుంది" అనేవారు. పనిలో చాదస్తం, మాట వెన్న.

మా మొదటి గుమ్మాన్ని బందరులో ఒక కోర్టు వాకిట్లో పరీక్షకు నిలబెట్టాం. నచ్చితేనే కొంటారు. ఆ ఉదయం నాంచారమ్మ అనే చేపలమ్మే ఆవిడ దాటగానే మోగింది. చూస్తే చీర కుచ్చిళ్ల దగ్గర కత్తి! మా యంత్రం గెలిచిందని నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. కానిస్టేబుల్ ఆవిడ రెక్క పట్టుకుని, "పద, జడ్జి అయ్యగారికే చూపిస్తా" అన్నాడు.

ప్రకాశరావుగారు అడ్డం వచ్చారు. "ఏమ్మా, చేపలు కోసేదేనా?"

"అవునండీ బాబూ. మార్కెట్లోంచి ఇటే వచ్చేశానండీ, మొల్లో ఉన్న సంగతే మర్చిపోయాను. చచ్చిపోయిన నా కూతురి పిల్లని ఎవరికివ్వాలో ఇయ్యాల తేలుస్తారండీ. కత్తితో వచ్చానంటే నాకిస్తారాండీ?"

ఆయన కానిస్టేబుల్ వైపు తిరిగారు. "కత్తి ఉందని యంత్రం చెప్పింది, దాని పని అంతవరకే. ఎందుకుందో మనమే అడగాలి గదండీ. ఇది నా దగ్గరుంటుంది. మీరు నాకు కాపలా కాయండి."

కానిస్టేబుల్ గొణుక్కుంటూ ఆవిణ్ని మళ్లీ గుమ్మంలోంచి నడిపించి, మోగకపోయేసరికి వదిలేశాడు. ఈయన కత్తిని తువ్వాల్లో చుట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. గుమ్మం కొనాల్సిన అధికారులు వచ్చి పిలిచినా కదల్లేదు. "మాటిచ్చాను, నువ్వు చూపించమ్మా" అన్నారు. ముసురుతున్న ఈగల్ని తోలుకుంటున్న ఆయన్ను చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఏవో తంటాలు పడి నేనే చూపించాను. వాళ్లకు నచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

మధ్యాహ్నం నాంచారమ్మ పిల్లను చంకనెత్తుకుని బయటికొచ్చింది. ప్రకాశరావుగారు లేచి, మొన తనవైపు, పిడి ఆవిడవైపు ఉండేలా కత్తి అందించారు. ఆ చేతులకు దణ్ణం పెట్టాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు నేను గుమ్మాల దగ్గర కాపలా కాసేవాళ్లకు పని నేర్పుతున్నాను. మోగగానే ముందు ఎక్కడ తడమాలని వాళ్లు అడుగుతారు. ముందు "అమ్మా" అని పలకరించమంటాను.