శివలీల డెమోకు నేనెందుకు వెళ్లినట్టు

గద్వాల బస్టాండులో ఆరున్నరకు రావాల్సిన వనపర్తి బస్సు ఏడవుతున్నా జాడ లేదు. పదిన్నరకు నాగర్‌కర్నూల్‌లో ఉండాలి. విచారణ కిటికీ దగ్గరికి వెళ్లి దెబ్బలాడాను. "వస్తది మేడం. మీరు ఒర్లితే టైరు జల్ది తిరుగుతదా?" అన్నాడు లోపల కూర్చున్నాయన.

డెమో క్లాసు నాది కాదు, శివలీలది. వడ్డేపల్లి దగ్గరి పిల్ల. డిగ్రీలో నా దగ్గరే వృక్షశాస్త్రం చదివి, తర్వాత పీజీ ముగించింది. నాగర్‌కర్నూల్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ పోస్టు ఒక్కటే ఉంది. అది రాకపోతే మర్నాటి నుంచి తల్లితో కలిసి సీడు పత్తి చేలల్లో క్రాసింగుకు పోవాలి. ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే పని. తల్లి అప్పటికే మేస్త్రికి ఇద్దరి పేర్లూ చెప్పేసింది. ఒకసారి దిగితే పూత అయ్యేదాకా వదలరు. ఈలోగా కాలేజీల్లో ఇంటర్వ్యూలన్నీ ముగిసిపోతాయి.

మా కాలేజీల్లో ప్రతి లెక్చరరూ కొందరు పిల్లలకు మెంటరే. పిల్లలతో ఫొటో దిగి పోర్టల్‌లో ఎక్కిస్తే ఆ బాధ్యత తీరిపోతుంది. నేను అట్లాంటి మెంటర్ని కాను కదా! అందుకే శివలీల సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు, చివరికి నీళ్ల సీసా కూడా నా సంచిలోనే పెట్టుకున్నాను.

బస్సొచ్చింది. కండక్టరమ్మకు రెండు ఆధార్లూ నేనే చూపించాను.

"ఎవరి కార్డు వాళ్లే చూపాలె మేడం. ఆమె ఏమన్న సంకలో పిల్లనా?"

శివలీల మూతి బిగబట్టి నవ్వు ఆపుకుంది. ఆడవాళ్లకు జీరో టికెట్టు కాబట్టి ఖర్చు లేదు. సీటు మాత్రం ఎవరి అదృష్టం వారిది. ఎర్రవల్లి చౌరస్తా దాటేదాకా నిలబెట్టే కిరణజన్య సంయోగక్రియ పాఠం ఒప్పజెప్పించాను. బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా పారుతుంటే బస్సంతా అటు వంగింది. శివలీల కూడా మెడ సాచింది. "నీళ్లు తర్వాత చూడొచ్చు. చీకటి చర్య చెప్పు," అన్నాను.

పెబ్బేరులో ఎక్కిన ఒక ముసలమ్మ మా పక్కనే గంప దించుకుని, పిల్లనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"పిల్లకు సంబంధం జూడ పోతున్నరా?"

"ఆ, సంబంధమే. కాలేజీతోటి."

"ఎన్నొద్దుల నౌకరి?"

"ఏడాది. మళ్లీ వచ్చే ఏడు వాళ్లకు ఇష్టమైతే పిలుస్తారు."

"ఏడాది సంబంధమా! గట్లెవరిస్తరమ్మ పిల్లను?"

ప్రభుత్వమే అట్లా అడుగుతోందని ఆమెకు ఎట్లా చెప్పను?

వనపర్తిలో దిగి ఇడ్లీ తిన్నాం. అంటే నేను తిన్నాను, పిల్ల కెలికి వదిలేసింది. రెండో బస్సు బిజినేపల్లి దగ్గర గొర్రెల మంద కోసం ఆగినంతసేపూ గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పదింపావుకు కాలేజీ గేటు దాటాం. వరండా నిండా అభ్యర్థులు. అందులో జుట్టు నెరిసినాయన ఒకరు. డాక్టరేటు ఉంది, నా ఈడువాడే. నాకూ ఆయనకూ తేడా, నన్ను పర్మనెంట్ చేసిన ఒక్క నోటిఫికేషన్. ఆయన్ని చూశాక శివలీల సర్టిఫికెట్లు తీసి మళ్లీ ఒకసారి లెక్కపెట్టాను.

శివలీలను పిలిచారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆమె బోర్డు మీద ఆకు బొమ్మ వేసి, రెండు వాక్యాలు చెప్పి, ఆగి నా వైపు చూసింది. పెదాలు కదిలించి అందించాను. మళ్లీ ఆగింది. గాల్లో వేలితో రాసి చూపించాను. ఆమె ముందున్న సార్లతో ఏదో అంది. వాళ్లలో ఒకాయన లేచి వచ్చి నా ముఖం మీదే కిటికీ తలుపులు వేసేశాడు.

"బయట నిలబడి వింటే తప్పేంటి?" అని అటెండర్ మీద పడ్డాను.

"అందరి అమ్మలు గిట్లనే జేస్తరు. కూసోండమ్మ."

"నేను వాళ్లమ్మను కాను."

"మరి గింత పరేషాన్ ఎందుకు?"

అంతలో లోపల అందరూ గొల్లున నవ్వారు. నవ్వులపాలైంది పిల్ల అనుకున్నాను. క్రాసింగు చేలో వంగి నడిచే శివలీల కళ్ల ముందు కదిలింది.

పిల్ల బయటికొచ్చి, "అయింది మేడం. సాయంత్రం ఫోన్ జేస్తరంట," అని మాత్రమే అంది. బస్టాండు పక్కన జొన్నరొట్టె, పప్పు పెట్టించుకున్నాం. ఈసారి పిల్లే తిన్నది, నాకు దిగలేదు.

తిరుగు బస్సు ఎక్కాక, "మేడం, కోపానికి రాకుండ్రి. కిటికీ నేనే మూయమన్న," అంది.

"నువ్వా?"

"మీరు కనవడుతుంటే మీ మాటలే యాదికొస్తున్నయి. నాయి వస్తలేవు. ఆమెవరని సార్ అడిగిండు. మా మేడం సార్, ఆమె గూడ ఒక ఇంటర్వ్యూ బోర్డే అన్న. గందుకే నవ్విండ్రు."

సంచిలోంచి ఆమె నీళ్ల సీసా తీసి, ఇవ్వబోయి నేనే సగం తాగేశాను.

వనపర్తిలో బస్సు మారి, ఊరు దాటుతుండగా శివలీల ఫోన్ మోగింది. "ఆ సార్... వస్త సార్... సోమవారం, సరే సార్." వెంటనే తల్లికి కలిపింది. "అమ్మా, మేస్త్రికి ఫోన్ జెయ్యి. నా పేరు తీసెయ్యమను."

సోమవారం నేనూ వస్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కండక్టర్ వచ్చాడు. సంచి తెరిచి ఆమె కార్డు, ఫైలు ఆమెకే ఇచ్చేశాను. తన కార్డు తనే చూపించింది.

ఈ దారిన వెళ్లేవాళ్లు ఒక బస్సు ముందే బయలుదేరండి. బీచుపల్లి దగ్గర కృష్ణను మాత్రం పోయేటప్పుడే చూసుకోండి. మాకు వచ్చేటప్పటికి మసక పడింది. అయినా శివలీల నన్ను కిటికీ వైపు జరిపి, "ఇప్పుడన్న జూడుండ్రి మేడం," అంది. చూశాను. చూస్తున్నంతసేపూ ఒకటే బెంగ, సోమవారం ఆరున్నర బస్సు వేళకు వస్తుందో రాదో అని. దాన్ని ఎక్కేది నేను కాదు.