దర్గాకు వచ్చిన గడప

మాది శ్రీకాకుళం. ఓసారి పర్చూరు వైపు వెళ్తుంటే బస్సు టైరు పంక్చరైంది. అది మార్చేలోపు, మిరప కల్లాల పక్కనున్న చిన్న దర్గా చూద్దామని వెళ్ళాను.

"గడప తొక్కమాకండి, దాటి రండి," లోపల్నుంచి దర్గా చూసుకునే ముసలి ముజావర్ కేకేశాడు.

కిందికి చూశాను. పాత టేకు గడప. నిండా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. దర్గాకి పసుపు గడప నేనెక్కడా చూడలేదు. అదే అడిగాను.

"అది ఊళ్ళో ఓ రైతు గారింటిదండి. మా బాబా ఈ ఊరొచ్చిన రోజు ఎండదెబ్బకి ఆ గడప దగ్గరే పడిపోయారంట. ఆ ఇంటమ్మ మజ్జిగిచ్చి లేపింది. అప్పట్నుంచి ఉరుసుకి తొలి గంధం వాళ్ళింట్లోనే తీసేవాళ్ళు. ఆ గడప దాటొచ్చిన గంధమే ముందు సమాధికి పూసేది."

"ఇప్పుడో?"

"పొలం, ఇల్లు అమ్ముకుని గుంటూరు వెళ్ళిపోయారండి. కొన్నోళ్ళు పోయినేడు ఇల్లు పడగొట్టారు. గడపన్నా ఇమ్మని అడిగి మోసుకొచ్చాం. గంధం మేమే తీసి, దీన్ని దాటించి లోపలికి తెస్తన్నాం. శుక్రవారం మా ఆవిడ పసుపు రాసిద్ది, ఆ ఇంట్లో రాసినట్టే."

"వాళ్ళకి తెలుసా?"

"ఉరుసుకి ఫోన్ చేస్తానండి. వస్తామనే అంటారు."

బయట బస్సు హారన్ కొట్టింది. ముజావర్ నాతోపాటు గుమ్మం దాకా వచ్చి, గడపకి లోపలి వైపే ఆగిపోయాడు.

"గుంటూరు గంటన్నర దారండి. గడప వచ్చింది గానీ, మనుషులు రాలా."