ఏ చదువు ఏ షాపు

పొద్దున్నే రైల్వే వర్క్‌షాపు సైరన్ కూసే వేళకి అప్పలకొండ చేతులు సబ్బు నురగలో ఉండేవి. నానబెట్టిన మొగుడు జగ్గారావు చొక్కాని బండ మీద వేసి, గ్రీజు వదిలేదాకా రుద్దేది. ముప్పై ఏళ్లు రుద్దింది. ఇప్పుడు సైరన్ కూస్తుంది, బకెట్టు బోర్లించి ఉంటుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ రోడ్డు మీద సైకిళ్ల మీద పోయే మగాళ్ల చొక్కాలు చూస్తుంది. ఎవరి పెళ్లాం సరిగ్గా ఉతకలేదో ఇట్టే చెప్పగలదు.

వర్క్‌షాపులో ఒక్కో విభాగాన్నీ షాపంటారు; జగ్గారావు మెషిన్ షాపులో ఫిట్టరు. ఎండాకాలం మొదట్లో డ్యూటీలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు, మరి లేవలేదు. ఆవేళ మూడో మాసికం. భోజనానికి ఇద్దరొచ్చారు. ఒకడు మరిది హరిబాబు, రైల్వే ఆఫీసులో గుమస్తా. రెండో ఆయన పక్క క్వార్టరు గణపతిరావు, ఫౌండ్రీలో ఇనుము పోసి రిటైరైన పెద్దాయన.

ఆ సాయంత్రం ఐదింటిలోగా కూతురు పూజ ఇంజనీరింగులో ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్లో పెట్టి లాక్ చెయ్యాలి. చెయ్యాలంటే తండ్రి ఫోనుకి ఓటీపీ వస్తుంది. ఆ ఫోనేమో, ఆఫీసు కాగితాల పనుందని చెప్పి, మూడు నెలలుగా హరిబాబు జేబులో తిరుగుతోంది.

పూజకి మెకానికల్ కావాలి. పదేళ్లప్పుడే నాన్న పక్కన కూర్చుని సైకిలు చక్రం విప్పి, బేరింగు గుళ్లు కిరసనాయిల్లో కడిగిన పిల్ల.

గణపతిరావు పప్పన్నం కలుపుతూ మొదలెట్టాడు.

"మెకానికలంటే ఫౌండ్రీయేనమ్మా. కరిగిన ఇనుం కాడ నిలబడాలి. నా కనుబొమ్మలు సూడు, మాడిపోయినవి ఇప్పటికీ మొలవనేదు."

"మరి ఎలట్రికలో, మావా?" అన్నాడు హరిబాబు.

"షాకు. మా బేచీలో ఒకడు క్రేను మీంచి పడ్డాడు. సివిలంటావా, గేంగుమేను పని. ఎండలో పట్టాలు మొయ్యాల."

"అందుకే కంప్యూటరంటన్నాను. ఫేను కింద కూకోడమే. టికెట్ కౌంటరు బాబులకి ఏటి కష్టం?"

పూజ సాంబారు గిన్నె పట్టుకునే నవ్వింది. "చిన్నాన్నా, కంప్యూటర్లో లెక్కలతోనే బుర్ర వాచిపోద్ది. మెకానికల్లో నన్నెవరూ ఇనుం పొయ్యమనరు. థర్మోడైనమిక్సుంటుంది, డ్రాయింగుంటుంది. ఎవరికి ఒంటబట్టింది వాళ్లకి తేలిక."

"డ్రాయింగంట. మీ నాన్న ఆ డ్రాయింగులు సూసీసూసీ పోనాడు. ములక్కాడలు రెండెయ్యి," అన్నాడు హరిబాబు.

ఇద్దరూ ములక్కాడ నమిలి పిప్పి ఆకు అంచున ఉమ్ముతూనే బ్రాంచీలకి మార్కులేశారు. వాళ్ల లెక్కలో చదువులన్నీ వర్క్‌షాపులోని షాపులే. వేడెక్కువున్నది కష్టం, నీడున్నది తేలిక. మెకానికల్ గురించి ఇంత చెబుతున్న హరిబాబు, కుళాయికి వాషరు మార్చాలన్నా అన్నని పిలిపించినవాడు.

"కంప్యూటరు మొదట పెడితేనే ఓటీపీ సెప్తాను," అన్నాడు వేళ్లు నాకుతూ. "ఆడగుంటకి మెకానికలేటి, వదినా? అన్నయ్యుంటే ఆడే వద్దనీవోడు."

ఆ మాటకి అప్పలకొండ చేతిలో గరిటె ఆగిపోయింది. చచ్చినవాడి నోట్లో మాట పెట్టి, పైన పెరుగు వేసుకుంటున్నాడు. అప్పలకొండకి రోత పుట్టింది; అందులో సగం తన మీదే. ఫోను ఎవరూ లాక్కోలేదు, తన చేత్తోనే ఇచ్చింది.

"ఫోనియ్యి," అంది.

"సెయ్యి కడుక్కోనీ వదినా."

"ఎడంసేత్తో తియ్యి."

గణపతిరావు ఆకులోకి తల దించేశాడు. హరిబాబు నడుం వంచి, ఎడంచేత్తో జేబులోంచి ఫోను లాగాడు. జగ్గారావు తెర మీద పెట్టుకున్న పూజ ఫోటో లేదు. దాని చోట హరిబాబు కొత్త మోటారుసైకిలు ఉంది, దండ వేసి, నిమ్మకాయలు కట్టి.

"రేపు గుంట ఫెయిలైతే నన్ననొద్దు."

"అనను. దాని కష్టం అదే పడతాది. నువ్వు తిను."

లోపలి గదిలో పూజ తన ఫోన్లో మెకానికల్ మొదట పెట్టింది. తండ్రి ఫోను కూసింది. తల్లి ఒక్కో అంకె చదివితే కూతురు కొట్టింది. తప్పు పడిందేమోనని మళ్లీ మొదట్నుంచి చదివించుకుంది. మూడింటికల్లా లాక్ పడింది.

బయట మగాళ్లు చేతులు కడుక్కున్నారు. తిన్నవాళ్లు తమ ఆకు ముట్టరు. ఇంటి ఆడది మడిచి తీసి, నేల తుడవాలి. ముప్పై ఏళ్లలో ఆవిడ తియ్యని ఆకు లేదు.

"వదినా," పళ్లు కుట్టుకుంటూ పిలిచాడు హరిబాబు, "ఇస్తర్లు తీసెయ్యి. కూసింత నడుం వాలుస్తాను."

ఆవిడ గుమ్మం దాకా వచ్చి చూసింది. రెండు సాలాకు విస్తళ్లు. నమిలి ఉమ్మిన పిప్పి, పెరుగులో ఈదుతున్న ఈగ. వెనక్కి వెళ్లి మంచం మీద కూర్చుంది.

పూజ లేవబోయింది. "నేను తీస్తానమ్మా."

"కూకో," అంది చెయ్యి పట్టుకుని. "ఆ థర్మో అంటే ఏటో సెప్పు."

బయట ఇంకోసారి పిలిచారు. పూజ చెప్పడం మొదలెట్టింది. ఆకులు అలాగే ఉన్నాయి.