గ్లాసు బయటి తడి

మా బడి సైన్సు టీచరమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. అఫ్జల్‌గంజ్‌లో ఆమె తమ్ముడు ఎదురై చెప్పాడు. కామెర్లట. నాకన్నా చాలా చిన్నది.

సంతాప సభలో బడి కమిటీ అధ్యక్షుడు మాట్లాడాడు. ఆరోగ్యం బాగాలేక ఆమె తనంతట తానే ఉద్యోగం మానుకుందన్నాడు. ఆ బడిలో తెలుగు పంతులుగా చేసిన నేను, ఆమె ఉద్యోగం పోయినప్పుడు అక్కడే ఉన్నాను. ముసలివాణ్ణి, ఇప్పుడు నాకు ఆయన దయ అక్కర్లేదు. అందుకే రాస్తున్నాను.

బడి బోర్డు మీద ఉర్దూ పక్కన తెలుగు అక్షరాలు కొత్తగా వచ్చిన రోజులవి. మా మొఘల్‌పురా బడిలో సైన్సు అంటే పుస్తకం చదివి అప్పజెప్పడమే. ఆమె వచ్చి పుస్తకం మూయించింది. సుద్దముక్కను పొడి చేయించి, ఇప్పుడిది సుద్ద కాదా అని అడిగేది. ఒక తడిగుడ్డను నీడలో, ఒకదాన్ని ఎండలో ఆరేయించి పిల్లల మధ్య తగువు పెట్టేది. జవాబు మాత్రం చెప్పేది కాదు. "నన్నేం చూస్తవు బిడ్డా, గ్లాసును అడుగు" అనేది. చేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి. హాజరు పట్టీలో ఆమె సంతకం ఎప్పుడు చూసినా అలుక్కుపోయి ఉండేది.

ఒక వానాకాలం పొద్దున గోనెపట్టాలో బరఫ్, అంటే ఐసుగడ్డ, చుట్టుకొని వచ్చింది. గాజు గ్లాసులో గులాబీ షర్బత్ పోసి బరఫ్ వేసింది. కాసేపటికి గ్లాసు బయట చెమట పట్టింది. గ్లాసు కారుతుందన్నారు పిల్లలు.

"అయితే తియ్యగుండాలె కద. సూడుండ్రి."

ఒక్కొక్కరు వేలితో ఆ తడి తీసి నాలుకకు రాసుకున్నారు.

"సప్పగుంది టీచరమ్మా."

అది లోపలి నీరు కాదని, గాలిలో కనపడకుండా ఉన్న నీరే చల్లని గాజు తగిలి బయటపడిందని వాళ్ళంతట వాళ్ళే చెప్పేదాకా ఆమె కదలలేదు. నేను చాలా పుస్తకాలు చదివాను. కానీ ఆ రోజు తరగతి గుమ్మంలో నిలబడి చూసినట్టు, ఒక సంగతి రుజువు కావడం అంత దగ్గర నుంచి ఎన్నడూ చూడలేదు.

మర్నాడు, నమ్మనివాళ్ళ కోసం ఆమె అదే పాఠం మళ్ళీ చెబుతుంటే అధ్యక్షుడు తరగతిలోకే వచ్చాడు. ఆయన మనుమడు ఆ తరగతిలోనే ఉన్నాడు.

"ఏందమ్మా ఈ లొల్లి? మా పోరనితోని అందరి ఎంగిలి నాకిస్తవా? బడికి పంపింది చదువనీకి, గ్లాసులు నాకనీకి కాదు."

"ఎంగిలి కాదయ్యా. ఎవరి వేలు వాళ్ళ నోట్లెనే పెట్టుకున్నరు." ఆమె గ్లాసు చూపించింది. "ఈ తడి యాడికెళ్ళి వచ్చిందో మీరే చెప్పుండ్రి."

"గ్లాసు కారుతుంది. దానికింత తమాషా ఏంది?"

పిల్లలు నవ్వారు. మనుమడు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఆ నెలాఖరుకు ఆమె ఉద్యోగం పోయింది. ఎంగిలి ఒక సాకు. అసలు కారణం ఆ నవ్వు.

ఆ తర్వాత ఆమె ఇంట్లో కుట్టుపని చేసుకుంది. సాయంత్రాలు వచ్చిన పిల్లలకు వాకిట్లో బకెట్ నీళ్ళతోనే పాఠం చెప్పేది. అధ్యక్షుడి మాట ఎన్నడూ ఎత్తలేదు. క్షమించిందేమో. నేను క్షమించలేదు.

సభలో ఆయన ముందు బరఫ్ వేసిన షర్బత్ పెట్టారు. మాట్లాడినంతసేపూ ఆ గ్లాసును రుమాలుతో తుడుస్తూనే ఉన్నాడు. అది తడుస్తూనే ఉంది. తర్వాత ఆమె పాత విద్యార్థులు పటానికి పూలు వేయడానికి వరుసకట్టారు. నూనూగు మీసాలవాళ్ళు, ఓణీలు వేసుకున్నవాళ్ళు. ముందు నడిచింది ఆయన మనుమడే. పూలు వేసి, తాత ముందున్న గ్లాసు బయటి తడిని వేలితో తాకి, నాలుకకు రాసుకొని వెళ్ళిపోయాడు. వెనకవాళ్ళందరూ అట్లాగే చేశారు.

ఆయన పక్కనే కూర్చున్న నా వైపు వంగాడు. "పంతులూ, ఏంది వీళ్ళు చేసేది? గ్లాసు గిట్ల కారుతుందా?"

"ఔను సాబ్, కారుతుంది" అన్నాను.

ఆయన తృప్తిగా తలూపి, రుమాలు తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.